మోసినవాని పూచీ, పని యిచ్చినవాని పూచీ
(నర్సీపట్నము పఠనమందిరమున చేసిన ఉపన్యాసపు పాఠము)



ఈ సాయంకాలము నన్ను మాటలాడుమని పిలిచినప్పుడు కార్యదర్శిగారు ఒక షరతు విధించిరి. చట్టమును గూర్చి చెప్పవలెను గాని, వకీళ్ల భాషలో చెప్పరాదట. షరతు న్యాయమైనదే. చట్టము వకీళ్లకు మాత్రమే తెలిసినచో అది వారి ఆస్తి యగును గాని మన ఆస్తి కాదు. కనుక చేతనైనంత తేటగా చెప్పుటకు యత్నింతును.

లోకమున రెండు సాకులు మిక్కిలి చెల్లుబాటులో నున్నవి. మొదటిది: "నేను వ్రాయలేదు, మోసితిని, అంతే." రెండవది: "నేను తీసివేయలేదు, నియమము తీసివేసినది." మొదటి సాకు ఇంటర్నెట్టు నడుపు కంపెనీలది. రెండవది వికలాంగుడైన పనివానిని ఇంటికి పంపిన యజమానిది. పైకి రెండును ఒక తల్లి బిడ్డలవలె కనుపించును. మన న్యాయస్థానములు మాత్రము వీనిని ఒక్క తక్కెడలో తూచలేదు. అట్లు తూచకపోవుటయే సరియని నా అభిప్రాయము. కారణములు మనవి చేసికొందును.

మోసినవాని కథ క్రొత్తది కాదు. 1885 నాటి టెలిగ్రాఫు చట్టముననే, తంతి చేరుటలో ఉద్యోగి పొరపాటు చేసినను దానివలని నష్టమునకు ప్రభుత్వము పూచీ పడదని వ్రాసికొనిరి. 1898 నాటి తపాలా చట్టములోను అటువంటి కవచమే యుండెను. తపాలా బంట్రోతు తెచ్చిన జాబులో తిట్లున్నచో మనము బంట్రోతుమీద దావా వేయము. ఇది లోకజ్ఞానమే.

అచ్చుకూటముల విషయమున మాత్రము దొరలు ఈ లోకజ్ఞానమును తలక్రిందులు చేసిరి. 1867 చట్టము ప్రకారము ప్రతి ముద్రిత పత్రముమీదను ముద్రాపకుని పేరు, అచ్చుకూటము ఉన్న చోటు ఉండవలసి యుండెను. ఇంతవఱకు తప్పు పట్టుటకు లేదు. 1910లో వచ్చిన ప్రెస్సు చట్టము క్రొత్తగా అచ్చుకూటము పెట్టువానినుండి 500 రూపాయలు మొదలు 2,000 రూపాయలవఱకు ధరావతు వసూలుచేయు అధికారమును మేజిస్ట్రేటు కిచ్చెను. అప్పటి 500 రూపాయలనగా చిన్న అచ్చుకూటపువానికి మూలధనములో పెద్దభాగము. అతడు వ్రాయడు, వ్రాయింపడు, అక్షరములు పేర్చి యంత్రము త్రిప్పును. అయినను వ్యాసము చేతికి రాగానే అతని గుండె దడదడలాడును. అది సత్యమా, అసత్యమా అని అతడు విచారింపడు. దీనివలన తన ధరావతు పోవునా, పోదా అని మాత్రమే విచారించును. ఆ విధముగా సర్కారు జీతమియ్యని సెన్సారు అధికారి ప్రతి అచ్చుకూటములోను వెలసెను.

1922 మార్చి 18వ తేదీన అహమ్మదాబాదులో మహాత్మునిపై విచారణ జరిగినప్పుడు ఆయన ప్రక్కనే మఱియొకరు నిలిచి యుండిరి. వారు 'యంగ్ ఇండియా' ముద్రాపకులగు శంకరలాల్ బాంకరుగారు. వ్యాసములు వ్రాసినది గాంధీగారు. ఆయనకు ఆఱు సంవత్సరముల శిక్ష పడెను. అచ్చొత్తించినందుకు బాంకరుగారికి ఒక సంవత్సరపు శిక్షయు, వేయి రూపాయల జుల్మానాయు పడెను. బాంకరుగారు సంతోషముగా జైలునకు వెళ్లిరి. దేశములోని ముద్రాపకులందఱును బాంకరులు కాగలరని ఆశించుట అన్యాయము.

ఈ పాత కథ నెందుకు త్రవ్వితి నందురేమో. ఇంటర్నెట్టును గూర్చిన మన చట్టమును ఈ కథ తెలిసినవాడే సరిగా చదువగలడు. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టములో 79వ సెక్షను కలదు. ఇతరులు వ్రాసినదానిని మోసిన కంపెనీకి అది కవచము. మొదట ఆ కవచము ఇఱుకైనది. తనకు తెలియక జరిగినదనియో, తగిన జాగ్రత్త యంతయు తీసికొంటిననియో కంపెనీయే నిరూపించుకొనవలెను. 2008లో సవరణ చేసి, 2009 అక్టోబరు 27 నుండి అమలుపెట్టి, ఆ కవచమును వెడల్పు చేసిరి. అయితే తప్పుడు వ్రాత యున్నదని "తెలిసిన" తరువాతను తొలగింపనిచో కవచము జాఱిపోవును.

ఇందులో మెలిక యంతయు ఆ "తెలిసిన" అను మాటలో నున్నది. ఎవడో ఒకడు కోపముతో జాబు వ్రాసినంతమాత్రమున తెలిసినట్లా? అట్లయినచో డబ్బుగలవాని ప్రతి నోటీసును ఉత్తరు వగును. 1910 నాటి అచ్చుకూటపు భయమే మరల వచ్చును. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీముకోర్టు దీనిని తేల్చెను. న్యాయస్థానపు ఉత్తరువు గాని, ప్రభుత్వపు ప్రకటన గాని అందినప్పుడే "తెలిసినట్లు" లెక్క. ఆ తీర్పులోనే, ఎవరికైనను చిరాకు పుట్టించు వ్రాతను కూడ నేరముగా జేసిన 66ఏ సెక్షను కొట్టివేయబడినది. 2021లో ప్రభుత్వము వెలువరించిన నియమములు ఉత్తరువు అందినపిమ్మట తొలగించుటకు 36 గంటల గడువు పెట్టెను.

ఇప్పుడు మన తెలుగుదేశపు కేసే యొకటి చెప్పెదను. సిమెంటు రేకులు చేయు విశాక ఇండస్ట్రీసు అను కంపెనీ సికిందరాబాదు మేజిస్ట్రేటుకోర్టులో పరువునష్టపు ఫిర్యాదు దాఖలు చేసెను. ఆస్‌బెస్టాసును నిషేధింపవలెనని ఉద్యమించువారు 2008లో గూగులువారి చర్చావేదికలో ప్రకటించిన వ్యాసములు తమ పరువు తీసినవని ఫిర్యాదు. వ్రాసినవానితోపాటు గూగుల్ ఇండియాను కూడ ముద్దాయిగా చేర్చిరి. ఆ వేదిక నడుపునది అమెరికాలోని మాతృసంస్థ గాని తాము కాదని గూగుల్ ఇండియావారి వాదము. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2011లో ఆ వాదమును అంగీకరింపలేదు. వారు సుప్రీముకోర్టునకు పోయిరి. 2019 డిసెంబరు 10న తీర్పు వచ్చెను. సవరణకు ముందు జరిగిన సంగతి గనుక పాత 79వ సెక్షనే వర్తించుననియు, ఆ పాత సెక్షను శిక్షాస్మృతిలోని పరువునష్టపు నేరమునుండి కాపాడదనియు తేల్చిరి. గూగుల్ ఇండియా నిజముగా ప్రచురణకర్తయా, కాదా అనునది విచారణలో తేలవలెననిరి.

వ్యాసములో వ్రాసినది సత్యమో, కంపెనీకి జరిగినది అన్యాయమో ఆ తీర్పు చెప్పలేదు. నేనును చెప్పను. కాని విషయము నొకసారి చూడుడు. ఆస్‌బెస్టాసు ధూళి ఊపిరితిత్తులను చెఱచుననియు, అన్ని రకముల ఆస్‌బెస్టాసు వలనను క్యాన్సరు వచ్చుననియు ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. అట్టి ధూళిలో పనిచేసి ఆయాసము తెచ్చుకొన్నవాడు పదిమెట్లు ఎక్కలేడు. అతడే రేపటి వికలాంగుడు. అతని పనిలోని కీడును గూర్చి ఎవడైన వ్రాసినచో ఆ వ్రాత అతని చేతికి చేరవలెను. మోసినవానికి భయము పెట్టినచో మొదట మాయమగునవి ఇట్టి వ్రాతలే. మోయువానికి కవచ ముండవలెనని నేను పట్టుపట్టుట కంపెనీలమీది ప్రేమచేత కాదు. అవి కోటీశ్వరులవి, నా ప్రేమతో వానికి పనిలేదు.

ఇక రెండవ సాకునకు వత్తము.

మన నర్సీపట్నము డిపో బస్సు లంబసింగి ఘాటెక్కి చింతపల్లి పోవుట మీరందఱును ఎఱుగుదురు. ఆ మలుపులలో ముందు కూర్చున్నవాని కన్నులమీదనే అందఱి ప్రాణములును ఆధారపడి యుండును. అందుచేత చక్రము పట్టువానికి చూపు, రంగుల గుర్తింపు సరిగా ఉండవలెనని సంస్థవారు పరీక్ష పెట్టినచో నేను తప్పు పట్టను. పరీక్షలో తప్పినవానిని తరువాత ఏమి చేసిరన్నదే ప్రశ్న.

2014లో రోడ్డు రవాణా సంస్థలో డ్రైవరుగా చేరిన యొకనికి వైద్యపరీక్షలో రంగుల అంధత్వ మున్నదని తేలెను. వేఱొక పని యిండని అతడు వేడుకొనెను. ఇయ్యలేదు. 2016 జనవరి 6న వైద్యకారణముచేత ఉద్యోగవిరమణ చేయించిరి. రంగుల అంధత్వము వికలాంగుల చట్టపు పట్టికలో లేదనియు, తమ నియమములు ప్రత్యామ్నాయపు పని యిచ్చుటకు ఒప్పవనియు తెలంగాణ రోడ్డు రవాణా సంస్థ వాదించెను. వినుటకు సాకు ఎంత చక్కగా నున్నదో చూడుడు! డ్రైవరు పనికి అతని లోపము చాల పెద్దది, చట్టపు రక్షణకు మాత్రము చాల చిన్నది. రెండు వైపులను తలుపు మూసినారు.

2025 ఆగస్టు 1న సుప్రీముకోర్టు ఆ సాకును త్రోసివేసెను. 1979లో కార్మికసంఘములతో ఆ సంస్థ చేసికొన్న యొడంబడికలో రంగుల అంధులగు డ్రైవర్లకు వేఱుపని యిచ్చు షరతు కలదు. తరువాతి సర్క్యులర్లు ఆ యొడంబడికను చెఱపజాలవనిరి. అన్నిటికంటె ముఖ్యమైన సంగతి, అతనికి తగిన పని యున్నదా అని వెదకుటకు సంస్థ నిజమైన ప్రయత్నమే చేయలేదని న్యాయమూర్తులు గుర్తించిరి. ఎనిమిది వారములలో అదే జీతపు తరగతిలో తగిన పని యియ్యవలెననియు, వెనుకటి జీతపు బాకీలో నాలుగవ వంతు చెల్లింపవలెననియు ఉత్తరువు చేసిరి. బస్సు నడుపుటకు రంగులు తెలియవలెను గాని, డిపోలో సామాను లెక్కించుటకు, టిక్కెట్ల ఖాతా వ్రాయుటకు ఎఱుపు పచ్చల భేద మెంత అవసరము?

ఈ కేసున నిలిచినది కార్మికుల యొడంబడిక. చట్టము కూడ ఈ దారినే చాలకాలముగా నడచుచున్నది. 1995 నాటి చట్టములోని 47వ సెక్షను ప్రకారము, ఉద్యోగములో నుండగా అంగవైకల్యము వచ్చినవానిని తొలగింపరాదు. గాయమువలన ఎడమకాలు పోగొట్టుకొన్న యొక కానిస్టేబులు విషయమున 2003లో కునాల్ సింగ్ కేసులో ఈ మాట స్థిరపడెను. పింఛను ఇచ్చితిమి గదా అని ప్రభుత్వము చెప్పిన జవాబు పనికిరాలేదు. 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చిన 2016 నాటి క్రొత్త చట్టము ఏడుగా నున్న వైకల్యముల పట్టికను ఇరువదియొకటికి పెంచెను. దాని 20వ సెక్షను ప్రకారము పాత పని చేయలేనివానిని అదే జీతముతో వేఱొక పనికి మార్చవలెను. అట్టి పని లేనిచో అది దొరకువఱకో, విరమణ వయస్సు వచ్చువఱకో అదనపు స్థానమున ఉంచవలెను. సముచితమైన సదుపాయము చేయకపోవుటయే వివక్ష యని ఆ చట్టము స్పష్టముగా చెప్పుచున్నది. సదుపాయ మనగా పెద్ద మేడలు కావు. చక్రాల కుర్చీ పట్టునంత ద్వారము, కాగితమును చదివి వినిపించు యంత్రము, పనివేళలో కొంత సడలింపు. యజమానికి మోయరాని భార మగునట్టిది చట్టము అడుగదు.

ఇచ్చట చట్టపు బలహీనతను దాచి చెప్పినచో మిమ్ము మోసపుచ్చినవాడ నగుదును. ఆ 20వ సెక్షను ప్రభుత్వ సంస్థలకు మాత్రమే. నూటికి నాలుగు వంతుల ఉద్యోగముల రిజర్వేషనును అంతే. ప్రైవేటు యజమానిపై వివక్ష చూపరాదను సాధారణ నిషేధమును, సమాన అవకాశముల విధానమును ప్రకటింపవలెనను విధియు మాత్రమే కలవు. ఇరువదిమంది కలిగిన ప్రతి ప్రైవేటు సంస్థయు ఆ విధానమును వివరముగా వ్రాసి ప్రదర్శింపవలెను. మన బజారులో ఇరువదిమంది పనిచేయు చోట్లు కొన్ని యున్నవి. ఆ కాగితము గోడపై చూచినవారు ఈ సభలో నున్నచో చేయి యెత్తుడు. (ఎవరును ఎత్తలేదు.) చట్టమును మొదటిసారి మీఱినచో గరిష్ఠ జుల్మానా పదివేల రూపాయలు. పెద్ద సంస్థకు అది టీ ఖర్చు.

ఇప్పుడు రెండు పూచీలును కలిసిన యొక ఉదాహరణము నూహింతము. ఒక కార్యాలయములో నత్తిగా మాటలాడు గుమాస్తా యున్నాడు. తోటి ఉద్యోగి అతని మాటను అనుకరించుచు వీడియో తీసి, కార్యాలయపు వాట్సాపు గుంపులో పెట్టెను. అచ్చటినుండి అది యూట్యూబునకు ఎక్కెను. గుమాస్తా సిగ్గుతో పనికి వచ్చుట మానెను. పూచీ ఎవరిది?

చేసినవానిది మొదటి పూచీ. వికలాంగుని అవమానించు నుద్దేశముతో పదిమంది ఎదుట అవమానించినచో 2016 చట్టపు 92వ సెక్షను ఆఱు నెలలు మొదలు అయిదేండ్లవఱకు శిక్ష విధించును. కార్యాలయపు గుంపు "పదిమంది ఎదుట" అగునా అని వకీళ్లు వాదింతురు, యూట్యూబు విషయమున ఆ వాదమునకు చోటు లేదు. గుంపును పెట్టినవానిది పూచీ కాదు. ఇతరులు పెట్టినదానికి గుంపు నడుపువాడు నేరస్థుడు కాడని బొంబాయి హైకోర్టు 2021లోను, కేరళ హైకోర్టు 2022లోను చెప్పినవి. మోసిన కంపెనీకి న్యాయస్థానపు ఉత్తరువు వచ్చువఱకు కవచ మున్నది. ఉత్తరువు తరువాత లేదు. ఈ ఆలస్యము గుమాస్తాకు బాధాకరమే, ఒప్పుకొందును. కాని ఉత్తరువు లేకుండ తొలగింపజేయు అధికారమును ఫిర్యాదుదారునికి ఇచ్చినచో, ఆ అధికారమును గుమాస్తాకంటె ముందుగా వాడుకొనువాడు అతని యజమానియే. తన సంస్థలో వివక్ష యున్నదని ఎవడైన వ్రాసిన మఱునాడే ఆ వ్రాత తొలగిపోవును.

మిగిలినవాడు యజమాని. అతనికి "తెలియదు" అను కవచము లేదు, ఉండరాదు. ఇంటర్నెట్టు కంపెనీ కోట్ల వ్రాతలను చూడకయే మోయుచున్నది. యజమాని కట్టెదుటనే ఆ కుర్చీ ఖాళీగా నున్నది. అతడు మోసినవాడు కాడు, చూచినవాడు. కుర్చీ ఎందుకు ఖాళీ అయ్యెనో అడుగుట అతని పని. రెండు సాకులను ఒక్క తక్కెడలో తూచరాదని మొదట నేననినది ఇందుచేతనే.

తూనికను తాఱుమాఱు చేయు క్రొత్త రకపు యజమాని ఒకడు బయలుదేరినాడు. సామాను ఇంటింటికి చేర్చు కంపెనీలు, కారు పిలిపించు కంపెనీలు చూచుచున్నారు గదా. కోర్టులో వారు "మేము కేవలము మధ్యవర్తులము" అందురు. పనివానితో "నీవు మా భాగస్వామివి" అందురు. ఎన్ని ఇండ్లకు పోవలెనో, ఎన్ని నిమిషములలో చేరవలెనో, ఎవని ఖాతా నిలిపివేయవలెనో వారి యంత్రమే నిర్ణయించును. కాలు కుంటివాడు రెండు నిమిషములు ఆలస్యముగా మెట్లెక్కినచో యంత్రము అతనికి మార్కులు తగ్గించును. అడుగుటకు మనిషి యుండడు. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి ఇట్టి పనివారిని మొదటిసారిగా పేరు పెట్టి గుర్తించెను, మంచిదే. ఇతరుల మాట మోయువఱకే మధ్యవర్తి కవచము తగును. మనిషిచేత పని చేయించుకొని, గంటలు లెక్కించి, కూలి కోసినవాడు దానిని తొడుగుకొనుటకు తగడు. న్యాయస్థానములు ఒకనాడు ఈ మాట స్పష్టముగా చెప్పవలసి యుండును.

తలుపు సంగతి కూడ కొంచెము చెప్పవలెను. ఉద్యోగమునకు దరఖాస్తు, జీతమునకు బ్యాంకి ఖాతా, ఖాతాకు గుర్తింపు పరీక్ష అన్నియు నేడు ఇంటర్నెట్టులోనే. ఆ పరీక్షలో కన్ను ఆర్పి చూపుమందురు. ఆమ్లదాడికి గుఱియై ఱెప్పలు కదలనివారును, చూపులేనివారును ఏమి చేయవలెను? 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో సుప్రీముకోర్టు, ఇంటర్నెట్టు సేవలను అందుకొనుట జీవించు హక్కులో భాగమని చెప్పి, ఆ పరీక్షలను మార్చుటకు ఇరువది ఆదేశములిచ్చెను. అంతకు కొలదినెలల ముందు, 2024 నవంబరులో రాజీవ్ రాతూరీ కేసున, సౌలభ్యము దయాధర్మపు సలహా కాదు, తప్పనిసరి విధి యని తేల్చిరి. ఆ తీర్పునకు ఆధారమైన నివేదికను తయారుచేసినది హైదరాబాదులోని నల్సారు న్యాయవిశ్వవిద్యాలయమని చెప్పుటకు సంతోషించుచున్నాను.

మన కృష్ణామండలపు బొల్లా శ్రీకాంతుగారి కథ మీలో కొందఱు చలనచిత్రములో చూచియుందురు. చూపులేదని పదవ తరగతి తరువాత సైన్సు చదువనీయకపోగా, కోర్టుకెక్కి చదివి, అమెరికాలోని ఎం.ఐ.టి. వఱకు వెళ్లి వచ్చి, 2012లో బొలాంట్ ఇండస్ట్రీసు స్థాపించి వికలాంగులకు పని యిచ్చిరి. ఆయనను మెచ్చుకొని చేతులు దులుపుకొనువారిని చూచినచో నాకు కొంచెము కోపము వచ్చును. కోర్టుకెక్కలేని తక్కినవారిలో ఎందఱు ఆ తలుపు దగ్గఱనే ఆగిపోయిరో?

ఇక చేయదగినది. పనిచ్చుటకు నిరాకరించినను, సదుపాయము అడిగినప్పుడు లేదనినను, ఆ మాటను కాగితముపై పొందుడు. నోటిమాటకు సాక్ష్యము కష్టము. ప్రభుత్వ కార్యాలయములలో ఫిర్యాదులు వినుటకు ఒక అధికారి యుండవలెను, అతని పేరు అడుగుడు. అటుపైన రాష్ట్ర కమిషనరు కలరు. ఆ పదవి వికలాంగుల చట్టపు 79వ సెక్షనులో నున్నది. అచ్చట 79 కంపెనీకి కవచము, ఇచ్చట 79 పనివానికి తలుపు. అంకె యొకటే గనుక మఱచిపోవుట కష్టము. నేరముల విచారణకు ప్రతిజిల్లాలోను ఒక సెషన్సుకోర్టును ప్రత్యేకకోర్టుగా నిర్ణయింపవలెనని 84వ సెక్షను చెప్పుచున్నది. 2022లో మనము విశాఖపట్టణము వీడి అనకాపల్లి జిల్లాలో చేరినాము గనుక మన జిల్లాకు ఆ కోర్టు ఏదియో యువకులు కనుగొని ఈ మందిరపు పలకపై వ్రాయవలెను.

చివరగా కార్యదర్శిగారికి ఒక మనవి. 2016 చట్టపు తెలుగు ప్రతిని ఒకటి తెప్పించి ఈ బల్లమీద ఉంచుడు. ఆదివారపు సాయంకాలములందు చదువలేనివారికి, చూడలేనివారికి ఎవరైన బిగ్గఱగా చదివి వినిపింపవలెను. మొదటి ఆదివారము నేను వత్తును. ఈ మందిరపు వాకిట మూడు మెట్లున్నవి, ఇందాక ఎక్కునప్పుడు లెక్కపెట్టితిని. వాని ప్రక్క ఒక వాలుబల్ల వేయుటకు వడ్రంగికి ఎంత కావలెనో కనుగొనుడు, నా వంతు సొమ్ము తెచ్చియున్నాను.